నాలుగు పేర్లకు కోసిన బండ

మా చిన్నాయన నర్సప్ప వానలో గోనెసంచి కప్పుకుని తిరిగేవాడు. కురుమ ఇంట్లో పుట్టినవాడు, ఎనభై గొర్రెల మంద ఉన్నవాడు, చినుకు పడితే ఉన్ని గొంగడిని తల మీదుగా కొప్పెర వేసుకోవాలి గానీ సంచి మూల మడిచి నెత్తిన పెట్టుకోవడమేమిటని ఊళ్లో అందరూ నవ్వేవారు. కులపెద్ద బిచ్చయ్య తాత ఎదురుపడితే అసలే వదిలేవాడు కాదు. "ఏం నర్సప్పా, నీ గొర్లకు ఉన్ని మొలుస్తలేదా?" అనేవాడు. చిన్నాయన తనూ నవ్వి మంద వెనకాల వెళ్లిపోయేవాడు. నేనూ అది పిసినారితనమే అనుకున్నాను.

మా దగ్గర మాత్రం ఆయన పిసినారి కాదు. మా నాయన బీరప్ప పోయిననాడు నాకు ఐదేళ్లు. అప్పటి నుంచి ఏటా గొర్రెలకు ఉన్ని కత్తిరించగానే మొదటి మూట చిన్నాయన మా అరుగు మీద తెచ్చి పెట్టేవాడు. మా అవ్వ, నన్ను కన్నతల్లి హన్మమ్మ, దాన్ని ఏకి, రాట్నం మీద వడికి, గొంగళ్లు నేసేవాళ్లకు నూలు ఇచ్చేది. మా ఇద్దరి బతుకూ ఆ మూటల మీదే గడిచింది. యాలాల్ బడిలో నేను ఏడో తరగతి దాకా చదివానంటే అదీ ఆ మూటల పుణ్యమే.

ఊళ్లో మా ఇంటికి ఒక పేరుంది. ఎదురుగా ఎవరూ అనరు. బావి దగ్గర నేను కడవ దించినప్పుడు మాట ఆగిపోతుంది, ఎత్తుకుని నాలుగు అడుగులు వేశాక మళ్లీ మొదలవుతుంది. "రజాకారు తండ్రిని దాచినోని బిడ్డ." పూడూరు దిక్కు నుంచి ఒకసారి, బొంరాస్‌పేట నుంచి ఒకసారి నన్ను చూడటానికి వచ్చారు. రెండుసార్లూ మా ఇంట్లో మజ్జిగ తాగి, ఊళ్లో ఇంకో ఇంట్లో కాసేపు కూర్చుని, మా గడప మళ్లీ ఎక్కకుండానే వెళ్లిపోయారు.

అవ్వ ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పింది, నా పన్నెండో ఏట. మదార్ సాబ్ అని మా ఊళ్లో ఒకాయన ఉండేవాడట. మావాళ్ల గొర్రెలను తాండూరు సంతకు తోలుకుపోయి అమ్మిపెట్టే మనిషి. ఆయన కొడుకు యాకూబ్ రజాకార్లలో చేరాడు. నాయన పోయిన ఏడు ఎండాకాలంలో వాళ్లు ఊరి మీద పడి, ధాన్యం ఇవ్వలేదని ముగ్గురిని కాల్చిపోయారు. పటేలు నర్సింహులు అన్న మల్లయ్య, చాకలి చెన్నయ్య, ఏ గొడవకూ పోని జంగప్ప. ఆ గుంపులో యాకూబ్‌ను ఊరంతా కళ్లారా చూసింది. భాద్రపదంలో యూనియన్ మిలిటరీ వచ్చింది. యాకూబ్ ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. మదార్ సాబ్ మాత్రం ఊళ్లోనే ఉన్నాడు. కట్టెలు పట్టుకుని జనం ఆయన ఇంటికి పోయేసరికి ఇల్లు ఖాళీగా ఉంది. మా నాయన ఆయన్ను గొర్ల దొడ్డిలో, మేకపిల్లలను మూసిపెట్టే పెద్ద గంప వెనకాల మూడు దినాలు దాచాడు. నాలుగో దినం రైళ్లు నడుస్తున్నాయని తెలిసి, ఆయన్ను వికారాబాదులో ఉన్న ఆయన చెల్లెలి దగ్గరికి పంపుదామని, మంద తోలుకుపోతున్నట్టుగా తాండూరు స్టేషన్‌కు బయల్దేరాడు. కాగ్నా వాగు దగ్గర ఇద్దరినీ చంపేశారు. వాగు మదార్ సాబ్‌ను తీసుకుపోయింది. నాయనను, ఆయన గొంగడిని చిన్నాయన మోసుకొచ్చాడు.

ఎవరు చంపారని అడిగాను.

"ఊరోళ్లు," అంది అవ్వ. ఎవరెవరని అడగబోతే రాట్నం తిప్పడం మొదలుపెట్టింది. చాలా రోజుల తరవాత తనే అంది, పేర్లు తెలిస్తే ఆ ఇండ్లలోకి నిప్పుకు ఎలా పోతావు బిడ్డా అని.

నాకు పద్దెనిమిదేళ్లప్పుడు, అంటే అరవై ఒకటిలో, పంచాయతీ ఆఫీసుకు కొత్త గది కట్టారు. దాని ముందు రజాకార్ల చేతిలో పోయినవాళ్ల పేర్లతో ఒక బండ నిలబెడదామని పటేలు నర్సింహులు అన్నాడు. తాండూరు బండే, మూడు మూరల ఎత్తు. ఖర్చు నాదే అన్నాడు. అన్న పోయిన తరవాత ఆ మనిషి పదమూడేళ్లు పండుగ చేసుకోలేదని అందరికీ తెలుసు. ఎవరూ వద్దనలేదు.

అప్పుడు చిన్నాయన లేచి, మా అన్న పేరు కూడా పెట్టాలి అన్నాడట. నేనక్కడ లేను, బిచ్చయ్య తాత వచ్చి అవ్వకు చెప్పాడు. మొదట గోల గోల అయిందట. దాచినోని పేరు చచ్చినోళ్ల పక్కన ఎట్ల పెడతారని పటేలు లేచిపోబోయాడు. చిన్నాయన వదల్లేదు. మూడు రోజులు పటేలు ఇంటి చుట్టూ తిరిగాడు. కురుమ వాడ నలభై ఇండ్లదీ ఒకటే మాటని చెప్పాడు. చివరికి ఒక మాట కుదిరింది. బీరప్ప తన పని మీద తాండూరు పోతుంటే వాగు దగ్గర రజాకార్లు చంపారు, మదార్ సాబ్‌కూ ఆయనకూ ఏ సంబంధమూ లేదు. ఈ మాట ఆయన భార్య నలుగురిలో చెప్తే పేరు పెట్టడానికి పటేలు ఒప్పుకున్నాడు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాట ఎందరికి పనికొచ్చిందో తెలుస్తుంది. చంపినవాళ్లు చంపనివాళ్లయ్యారు. దాచినవాడు దాచనివాడయ్యాడు. పటేలు అన్న పక్కన అనరాని పేరు ఉండదు. నా పెళ్లి ఆగదు.

అంతటితో ఆగితే ఎలా ఉండేదో. మావాళ్లే ఒక మెలిక వేసుకున్నారు. ఆడమనిషి ఊరికే నోటితో అంటే రేపు ఎవరైనా కాదంటారు, మన మాట గొంగడి మీద చెప్తేనే మాట అన్నాడు బిచ్చయ్య తాత. కులంలో ఏ తగవైనా అంతే. గొంగడి పరిచి, దాని మీద కూర్చోబెట్టి అడుగుతారు. గొంగడి మీద కూర్చుని అబద్ధం చెప్పిన కురుమ ఇంతవరకు లేడని పిల్లలకు కూడా తెలుసు. అందుకే ఆ మాటకు అంత బలం. మాట గట్టిగా ఉండాలనే ఆదుర్దాలో, తాము గట్టి చేస్తున్నది అబద్ధాన్నని వాళ్లలో ఒక్కరికీ తోచలేదు. తోచిందేమో, పైకి అనలేదు.

ఆ మధ్యాహ్నం అవ్వ వడకడం ఆపి గోడకు ఆనుకుని కూర్చుంది. ఏం చెప్తావవ్వా అని అడిగాను.

"వాళ్లు చెప్పమన్నదే చెప్త. ఇంత అయినంక గొంగడి నన్నేం చేస్తది?"

నువ్వు అబద్ధం చెప్పొద్దు, నాకు పెళ్లి లేకపోయినా ఫరవాలేదు అన్నాను. నిజానికి నాకు అంత ధైర్యం లేదు. అవ్వ నా మొహం చూసి ఆ సంగతి కనిపెట్టింది. "నీ కోసమే గాదు," అంది. "ఆయన పేరు ఎవ్వలన్న సదువుతుంటే ఒక్కసారి ఇనాలె."

పంచాయతీ గది ముందు రేకుల కొట్టం కింద కూర్చున్నారు. పటేలు బల్ల మీద, రైతులు ఆయన పక్కన, మావాళ్లంతా కింద. చిన్నాయన గొంగడి తెచ్చి పరిచాడు. భర్త తమ్ముడు పరచాలి, అది పద్ధతి. కొత్త గొంగడి. మడతలు ఇంకా పోకుండా అలాగే ఉన్నాయి. ఒక్క వాన కూడా ఎరగని గొంగడి అని చూడగానే నాకు అర్థమైంది. సంచి కప్పుకుని తిరిగే మనిషి ఇంట్లో ఇది ఎప్పటి నుంచి ఉందో అనుకున్నాను.

అవ్వ దాని మీద కూర్చోలేదు. చంకలో పెట్టుకొచ్చిన మూట విప్పింది. మా ఇంటి దూలం మీద పదమూడేళ్లు ఉన్న నాయన గొంగడి. నల్లటి ఉన్ని మీద మరకలు కనబడవు. ఒకచోట మాత్రం ఉన్ని గట్టిపడి చెక్కలా ఉంటుంది, అది వంగదు. దాన్ని కొత్త గొంగడి పక్కన పరిచి, "ఆయన మాట ఆయన గొంగడి మీదనే చెప్త," అంది. పటేలుకు ఇదంతా ఏమిటో తెలియదు. ఏ గొంగడైతేనేం, త్వరగా కానీయండి అన్నట్టు చెయ్యి ఊపాడు.

అవ్వ కూర్చుంది. బిచ్చయ్య తాత పద్ధతి ప్రకారం అడిగాడు. "హన్మమ్మా, నీ పెనిమిటి బీరప్ప ఎట్ల వోయిండు? ఎవ్వలు చంపిండ్రు?"

అవ్వ కొంగు సర్దుకుంది. ఆమె కుడి అరచెయ్యి ఆ గట్టిపడ్డ చోట ఉంది. "కాగ్నా కాడ," అని మొదలుపెట్టింది. దగ్గి మళ్లీ "కాగ్నా కాడ, రజా..." అంది.

"వదినా," అన్నాడు చిన్నాయన. "నువ్వు చెప్పకు."

ఆయన వచ్చి, చెప్పులు విడిచి, నాయన గొంగడి అంచునే కూర్చున్నాడు. అవ్వ పక్కన కాదు, ఎదురుగా. బిచ్చయ్య తాత వంక గానీ పటేలు వంక గానీ చూడకుండా గొంగడిని చూస్తూ చెప్పాడు.

"నేను గా దినం వాగు ఒడ్డుమీదున్న. వాన వడుతుండె. నాతోని ఇంకో పదిమంది. మదార్ సాబ్ కోసం తిరిగి తిరిగి యాష్టకొచ్చి చుట్టలు తాగుతున్నం. దూరంకెళ్లి మంద వస్తుంటే నడక చూసి మా అన్న అని గుర్తువట్టిన. అన్న మీద గోనెసంచి ఉండె. ఎన్క వచ్చేటోని మీద గొంగడి ఉండె. గది అన్న గొంగడే. నాకు నవ్వొచ్చింది."

కొట్టం రేకుల మీద ఒక కాకి గోళ్ల చప్పుడు చేసుకుంటూ నడిచింది.

"ఊకె నవ్వులాటకన్న. 'చూడుండ్రి, మా అన్న గొంగడి ఎవనికో కప్పి తాను సంచి కప్పుకున్నడు' అన్న. గంతే. నేను గట్ల అన్నంక అందరు చూసిండ్రు. చూసి లేసిండ్రు. గప్పుడు నాకు సమజైంది, గొంగట్ల ఉన్నదెవరో. ఆగుండ్రి అన్న. నా మాట ఎవ్వలినలే. అన్న అడ్డం వోయిండు."

మా వాడలో ఎవరూ తల ఎత్తలేదు. రైతుల్లో ఒకాయన తలపాగా విప్పి మళ్లీ చుట్టుకోవడం మొదలుపెట్టాడు. ఇంకొకాయన లేచి బయటికి వెళ్లాడు. వాళ్లను నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఆ తలపాగా ఆయన ఇంట్లో నుంచి మేము ఎన్నోసార్లు నిప్పు తెచ్చుకున్నాం.

పటేలు గొంతు సవరించుకుని, ఆ పదిమంది ఎవరని ఇక్కడ ఎవరూ అడగలేదన్నాడు. అడగబోవడం లేదని కూడా అన్నాడు.

అవ్వ చిన్నాయనను చూస్తోంది. పదమూడేళ్లుగా ఉన్ని మూట దించి వెళ్లిపోయే మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ఒక్కటే అడిగింది.

"ఆయన నిన్ను చూసిండా?"

చిన్నాయన తల ఊపాడు. "చూసిండు. దూరంకెళ్లే చూసిండు." పెదాలు తడుపుకున్నాడు. "నన్ను చూసి చెయ్యెత్తిండు, వదినా. నేనున్న గదా అని ఇటుదిక్కే వచ్చిండు."

అవ్వ లేచింది. చిన్నాయన గొంగడి మీద నుంచి పక్కకు జరిగాడు. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి, వంగని చోటును పైకి ఉంచి చంకలో పెట్టుకుంది. పేరు సంగతి ఎవరినీ అడగలేదు.

పేరు సంగతి మేము వెళ్లాక తేలింది. బిచ్చయ్య తాత, మనిషి పోయింది నిజమే కదా, ఎవరి చేతిలో అని రాయకుండా అందరి పేర్లూ రాద్దాం అన్నాడట. పటేలు ఒప్పుకోలేదు. ఆయన ఏమన్నాడో తాత మాకు ఏమీ దాచకుండా చెప్పాడు. మా అన్నను కాల్చినప్పుడు యాకూబ్ పక్కనే నిలబడి చూసిండు. వాని అయ్యను కాపాడబోయినోని పేరు మా అన్న పేరు కింద చెక్కితే నేను ఆ తోవల ఎట్ల నడవాలె, నువ్వే చెప్పు బిచ్చయ్యా అన్నాడట. అలా అంటూ ఏడ్చాడట. నాకు కోపం రాలేదు. వస్తే బాగుండేదని చాలా రోజులు అనుకున్నాను.

బండ మీద అక్షరాలు రాసే పని మాత్రం నాకే వచ్చింది. బడిపంతులు బదిలీ మీద వికారాబాదు పోయాడు, కొత్తాయన రాలేదు. ఊళ్లో గుండ్రంగా రాసేది నేనే. పటేలు స్వయంగా మా ఇంటి ముందుకొచ్చి, లోపలికి రాకుండా నిలబడి, బిడ్డను పంపుతవా హన్మమ్మా అని అడిగాడు. నేను వద్దంటాననుకున్నాను. అవ్వ నా కన్నా ముందు, "పొయ్యి రా," అంది. "చచ్చినోళ్లు ఏం జేసిండ్రు? మంచిగ రాయి."

తాండూరులో బండలు కోసే చోటికి పటేలు బండిలో, బిచ్చయ్య తాత తోడుగా వెళ్లాను. చెక్కే ఆయన పేరు ఏసుదాసు. చేతులు, కనురెప్పలు అన్నీ బూడిద రంగు. బండ నీలంగా, నున్నగా పడుకోబెట్టి ఉంది. సుద్దముక్క ఇచ్చి నేను రాసిన దాని మీదే ఉలి నడుపుతానన్నాడు. పైన "రజాకార్ల చేతిలో అసువులు బాసినవారు" అని రాశాను. కింద మల్లయ్య. దాని కింద చెన్నయ్య. దాని కింద జంగప్ప. చాకలి చెన్నయ్య నన్ను చిన్నప్పుడు గాడిద మీద ఎక్కించేవాడని అవ్వ చెప్పింది. అది తలుచుకుని ఆ పేరు నెమ్మదిగా రాశాను.

ఏసుదాసు వేళ్లతో కొలిచి చూశాడు. "నాలుగు పేర్లకని చెప్తే నాలుగు పేర్లకు కోసిన. నాలుగోది రాయమ్మా."

బిచ్చయ్య తాత బండి దిక్కు తిరిగి ఎద్దుల పగ్గం సర్దుతున్నాడు. నా చేతిలో సుద్దముక్క ఇంకా సగం ఉంది. మూడు అక్షరాలు, అంతే. రాస్తే ఏసుదాసు చెక్కేసేవాడు, అతనికేం తెలుసు. బండ ఊళ్లోకి వచ్చాక ఏమవుతుందో చూడొచ్చు. కానీ పైన నేనే రాసిన ఆ వరుస ఉంది. దాని కింద నాయన పేరు రాస్తే, అవ్వ గొంగడి మీద అనకుండా ఆగిన మాట నేను బండ మీద అన్నట్టే.

మూడే అని చెప్పి సుద్ద ఇచ్చేశాను.

కింద బోసిగా ఉంటుంది, ఏం చెయ్యమంటారని ఏసుదాసు కబురు పెట్టాడట. పటేలు అక్కడ ఒక దీపం చెక్కమన్నాడు. మంచి పనివాడు. వత్తి, మంట, ప్రమిద అంచు అన్నీ బాగా వచ్చాయి. బండ నిలబెట్టిన రోజు వికారాబాదు నుంచి ఒక ఆఫీసరు వచ్చి దండ వేశాడు. పేర్లు బిగ్గరగా చదివాడు. మూడో పేరు తరవాత ఆయన కాస్త ఆగాడు, దీపాన్ని చూసి, చాలా చక్కగా ఉందన్నాడు. అవ్వ రాలేదు. చిన్నాయన రాలేదు.

నెల దాటింది. ఆయన మా గుమ్మం దిక్కు రాలేదు. అవ్వ దగ్గర ఉన్ని అయిపోయింది. ఖాళీ రాట్నానికి నూనె పెట్టి మూలకు జరిపి, పటేళ్ల పొలాల్లో నాట్లకు పోతానంది.

ఆషాఢంలో ఒక పొద్దున వాన పట్టుకుంది. నేను గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్నాను. చిన్నాయన వీధిలో వస్తూ కనిపించాడు. నెత్తిన మూట ఉంది. ఎప్పుడూ కప్పుకునే సంచి మూటకు చుట్టి తాడుతో గట్టిగా కట్టాడు. ఆయన మీద కప్పుకోవడానికి ఏమీ లేదు. నీళ్లు గడ్డం మీదుగా కారుతున్నాయి. మూట అరుగు మీద దించాడు. చూరు కిందికి రాకుండా వానలోనే కాసేపు నిలబడ్డాడు.

అవ్వ పొయ్యి దగ్గర ఉంది. ఆయన వచ్చాడని తెలుసు. తిరిగి చూడలేదు. నన్ను మాట్లాడమని కళ్లతో అడిగాడేమో, నేను బియ్యం మీదికి తల వంచుకున్నాను. ఆయన వెళ్లిపోయాడు.

మూట అక్కడే ఉంది. గాలి మళ్లినప్పుడల్లా జల్లు దాని మీద పడుతోంది. లోపల పెట్టనా అని నేను అడగలేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాం. అవ్వ రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది. పశువులు ఇళ్లకు తిరిగే వేళ, వాన కాస్త తగ్గాక, అరుగు మీదికి వెళ్లి మూటను రెండు చేతులా లోపలికి లాక్కొచ్చింది. తాడు విప్పింది. చెయ్యి లోపలికంటా పెట్టి చూసింది. ఉన్ని పొడిగానే ఉంది.

తడిసిన సంచిని దులిపి, దండెం మీద ఆరేసింది. దాని ఉన్ని వాసన, వాన వాసన కలిసి ఇల్లంతా నిండాయి. మరునాడు నేను లేచేసరికి సంచి మడతపెట్టి గుమ్మం పక్కన ఉంది. అవ్వ రాట్నాన్ని మూలలోంచి ముందుకు జరుపుతోంది.

"సంచి మీ చిన్నాయనకు ఇచ్చి రా," అంది, నా వంక చూడకుండా. "వానలున్నయి."